కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ (జూన్ 6, 1850 - ఏప్రిల్ 20, 1918) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త, ఆవిష్కర్త. నిస్తంత్రీ టెలిగ్రాఫు అభివృద్ధికి చేసిన సేవలకు గాను 1909లో ఇటలీకి చెందిన గూలిఎల్మో మార్కోనీతో కలసి భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. అయితే సామాన్య ప్రజల జీవితాలను ఎక్కువగా ప్రభావితం చేసినది ఆయన 1897లో రూపొందించిన కేథోడ్ కిరణ నాళం. టెలివిజన్, రాడార్, ఆసిలోస్కోపు, కంప్యూటర్ మానిటర్ అన్నీ ఈ నాళం మీదనే పెరిగాయి. కంప్యూటర్ ఆటలు ఆడేవారు మానిటరు కొనేముందు తప్పక చూసే రిఫ్రెష్ రేటు, అనగా తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీయబడుతుందన్న సంఖ్య, ఈ నాళంతోనే పుట్టిన సమస్య. నోబెల్ బహుమతి ప్రశంసలో ఈ నాళం ప్రస్తావన లేదు. బ్రౌన్ దీనికి పేటెంటు కూడా తీసుకోలేదు.

రాకెట్ శాస్త్రవేత్త వెర్నర్ ఫాన్ బ్రౌన్ వేరొక వ్యక్తి.

బాల్యం, విద్యాభ్యాసం

బ్రౌన్ ఫుల్డా పట్టణంలో జన్మించాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశంగా ఏర్పడలేదు. ఫుల్డా హెస్సె-కాసెల్ సంస్థానంలో ఉండేది. తండ్రి యోహాన్ కోన్రాడ్ బ్రౌన్ న్యాయస్థాన ఉద్యోగి. స్థానిక పాఠశాలలో చదువు ముగించి 1868లో మార్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తరువాత బెర్లిన్ వెళ్ళి, సాగే గుణంగల తీగల కంపనాలపై పరిశోధన చేసి 1872లో డాక్టరేటు పట్టా పొందాడు. కొంతకాలం గేయార్గ్ క్వింకె అనే ఆచార్యుని వద్ద సహాయకుడిగా పనిచేశాడు.

1874లో లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ థామస్ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. సంగీత విద్వాంసుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పూర్వం పనిచేసిన పాఠశాల ఇదే. బ్రౌన్ బడిపంతులుగా ఉన్నకాలం కొద్దిదే అయినా అది వృథా కాలేదు. గణితాన్ని, ప్రకృతి శాస్త్రాలను పిల్లలకు పరిచయం చేస్తూ ఒక పుస్తకం వ్రాశాడు. కంటికి కనిపించని విషయాన్ని కంటికి కనిపించేలా చూపించాలన్న తాపత్రయం ఆయన తరువాతి పనిలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆ 1874వ సంవత్సరంలోనే బ్రౌన్ ఒక విచిత్రాన్ని గమనించాడు. సీసపు సల్ఫైడు వంటి కొన్ని స్ఫటికాలకు లోహపు మొనను ఆనించి విద్యుత్తును పంపితే, అది ఒక దిశలో సులభంగాను, ఎదురు దిశలో కష్టంగాను ప్రవహించింది. ఓమ్ నియమం ప్రకారం ఇలా జరగకూడదు. అందుచేత ఆనాటి శాస్త్రవేత్తలలో చాలామంది ఈ ఫలితాన్ని అనుమానంతో చూశారు. దీనికి కారణం అర్ధవాహకాల సిద్ధాంతం వచ్చాక, 1930వ దశకంలో గాని తెలియలేదు. నేటి డయోడుకు ఇదే తొలిరూపం. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఇటువంటి స్ఫటికంతోనే విద్యుదయస్కాంత తరంగాలను పసిగట్టే సాధనాన్ని తయారుచేశాడు. దానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది.

ఆచార్య పదవులు

బ్రౌన్ 1877లో మార్‌బర్గ్‌లోను, 1880లో స్ట్రాస్‌బర్గ్‌లోను, 1883లో కార్ల్స్‌రూ సాంకేతిక విద్యాలయంలోను, 1885లో ట్యూబింగెన్‌లోను ఆచార్యుడిగా పనిచేశాడు. 1885లో అమేలీ బ్యూలర్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. 1895లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర సంస్థకు అధిపతిగా తిరిగివచ్చాడు. నేడు ఫ్రాన్సులో ఉన్న స్ట్రాస్‌బర్గ్ 1871 నుండి 1918 వరకు జర్మన్ సామ్రాజ్యంలో ఉండేది.

వీటిలో కార్ల్స్‌రూ పదవి గురించి ఒక విశేషం చెప్పుకోవాలి. 1885లో బ్రౌన్ ఖాళీ చేసిన ఆ పీఠంలోకి వచ్చినవాడు హైన్‌రిఖ్ హెర్ట్జ్. ఆయన విద్యుదయస్కాంత తరంగాలను కనుగొన్నది అక్కడే. పౌనఃపున్యానికి ప్రమాణం ఆయన పేరుమీదనే ఏర్పడింది కనుక మానిటరు పెట్టెపై 60 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ అని వ్రాసేది ఆ పేరునే. 1889లో హెర్ట్జ్ తరువాత ఆ పీఠాన్ని అలంకరించినవాడు ద్రవ స్ఫటికాల పరిశోధనకు ఆద్యుడైన ఓటో లేమన్. కేథోడ్ కిరణ నాళాన్ని చేసినవాడు, దాని వేగాన్ని కొలిచే ప్రమాణానికి పేరిచ్చినవాడు, ఒక శతాబ్దం తరువాత ఆ నాళాన్ని ఇళ్ళనుండి వెళ్ళగొట్టిన ఎల్‌సీడీ తెరకు మూలపదార్థాన్ని అధ్యయనం చేసినవాడు - ముగ్గురూ ఒకే కుర్చీలో వరుసగా కూర్చున్నారు.

కేథోడ్ కిరణ నాళం

గాలి తీసివేసిన గాజు నాళంలో అధిక వోల్టేజి వద్ద ఋణధ్రువం నుండి వెలువడే కిరణాలను గురించి 19వ శతాబ్దపు శాస్త్రవేత్తలకు తెలుసు. 1895 చివరలో రాంట్జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నది ఇటువంటి నాళంతోనే. అవి తరంగాలా, కణాలా అన్న వాదం మాత్రం తెగలేదు. బ్రౌన్ ఆ వాదంలోకి పోలేదు. ఆయనకు కావలసినది వేరు. అప్పుడప్పుడే నగరాలకు ఏకాంతర విద్యుత్తు వస్తున్నది. సెకనుకు ఎన్నోసార్లు దిశ మార్చుకునే ఆ ప్రవాహం ఎలా పెరిగి తరుగుతున్నదో చూడడానికి తగిన సాధనం లేదు. కొలతయంత్రాల ముల్లుకు బరువు ఉంటుంది కనుక అది అంత వేగంగా కదలలేదు. కేథోడ్ కిరణానికి చెప్పుకోదగ్గ బరువు లేదు. దానినే ముల్లుగా వాడితే ఎంత వేగంగానైనా కదులుతుందని బ్రౌన్ గ్రహించాడు.

బాన్ నగరంలో ప్రసిద్ధ గాజు పనివాడు గైస్లర్ వారసుడైన ఫ్రాంజ్ మ్యూలర్ చేత ఈ నాళాన్ని చేయించాడు. నాళం మధ్యలో సన్నని రంధ్రంగల ఒక అడ్డుపలక ఉంటుంది. దానిగుండా వచ్చిన సన్నని కిరణం రెండవ చివర ఉన్న అభ్రకపు తెరను తాకుతుంది. తెరకు ప్రతిదీప్తి గుణంగల ఖనిజాన్ని పూశారు కనుక కిరణం తాకినచోట ఒక చుక్క వెలుగుతుంది. నాళం పక్కన ఒక తీగచుట్టను ఉంచి, పరీక్షించవలసిన విద్యుత్తును దానిగుండా పంపితే, ఆ అయస్కాంత క్షేత్రానికి కిరణం వంగి చుక్క పైకీ కిందికీ ఊగుతుంది. ఈ సాధనాన్ని వివరించే వ్యాసంపై తేదీ 1897 ఫిబ్రవరి 15. ఈ కిరణాలు అతిసూక్ష్మ కణాల ప్రవాహమని కేంబ్రిడ్జి ఆచార్యుడు జె.జె.థామ్సన్ ప్రకటించినది ఏప్రిల్ 30న. అంటే ఎలక్ట్రాను అనేది ఒకటున్నదని లోకానికి తెలియడానికి పదివారాల ముందే బ్రౌన్ దానిని తన పనికి పెట్టుకున్నాడు!

అయితే చుక్క వేగంగా పైకీ కిందికీ ఊగితే కంటికి కనిపించేది ఒక నిలువు గీత మాత్రమే. కాలంతోపాటు ప్రవాహం ఎలా మారినదో ఆ గీతలో కనిపించదు. అందుకని బ్రౌన్ తెరకు ఎదురుగా తిరిగే అద్దాన్ని ఉంచి అందులో చూశాడు. అద్దం తిరుగుతున్నకొద్దీ గీత పక్కకు పరచుకొని అలలా కనిపించింది. స్ట్రాస్‌బర్గ్ విద్యుత్ కేంద్రం నుండి వచ్చే ప్రవాహపు ఆకారాన్ని ఆయన ఈ విధంగా చూపించాడు.

త్వరలోనే, 1899 నాటికి, ఆయన సహాయకుడు యోనథన్ జెనెక్ ఈ అద్దాన్ని తొలగించాడు. మొదటి తీగచుట్టకు లంబంగా రెండవ అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పాటుచేసి, దానిని సమవేగంతో మార్చాడు. దానితో చుక్క ఎడమనుండి కుడికి నడిచి, చివరకు చేరగానే వెనుకకు దూకి, మళ్ళీ మొదలుపెడుతుంది. చూడడానికి ఇది చిన్న మార్పుగానే తోస్తుంది. కాని ఆ తరువాత వచ్చిన ప్రతి టెలివిజన్‌లోను, ప్రతి గాజు మానిటరులోను చుక్క నడిచినది ఈ విధంగానే. చుక్క ఒకసారి నడిచివచ్చే కాలం, అలలు పునరావృతమయ్యే కాలం సరిపోతే బొమ్మ తెరపై కదలకుండా నిలుస్తుంది. సరిపోకపోతే పక్కకు జారిపోతూ ఉంటుంది. బొమ్మను పంపేవాని వేగము, గీసేవాని వేగము కలవాలన్న ఈ చిక్కు తెర ఉన్నచోటికల్లా వెంటవచ్చింది.

బ్రౌన్ ఈ నాళాన్ని రహస్యంగా ఉంచలేదు. నిర్మాణమంతా వ్యాసంలో వివరించాడు కనుక ఇతర ప్రయోగశాలలవారు వెంటనే వాడుకోగలిగారు. దూరం నుండి బొమ్మలను పంపడానికి ఇది పనికివస్తుందన్న ఆలోచనను మాత్రం ఆయన చేపట్టలేదు.

నిస్తంత్రీ టెలిగ్రాఫు

1898 నుండి బ్రౌన్ దృష్టి నిస్తంత్రీ టెలిగ్రాఫువైపు మళ్ళింది. అప్పటి మార్కోనీ పద్ధతిలో విద్యుత్ స్ఫులింగం పుట్టే ఖాళీని నేరుగా ఆంటెనాలోనే పెట్టేవారు. దీనివలన తరంగాలు త్వరగా క్షీణించేవి, ఎక్కువ దూరం పోయేవి కావు. బ్రౌన్ స్ఫులింగాన్ని ఆంటెనానుండి వేరుచేసి, లైడెన్ జాడీలతో కూడిన మరొక వలయంలో ఉంచాడు. ఆ వలయపు శక్తిని విద్యుదయస్కాంత ప్రేరణ ద్వారా ఆంటెనాకు అందించాడు. దీనితో సంకేతం బలపడింది, ఒక స్టేషను మరొకదానికి అడ్డురాకుండా శ్రుతి చేయడం సాధ్యమైంది. 1900 సెప్టెంబరులో కుక్స్‌హాఫెన్ నుండి హెల్గొలాండ్ ద్వీపానికి 62 కిలోమీటర్ల దూరం సంకేతాలు అందాయి.

నాళం విషయంలో ఉదారంగా ఉన్న బ్రౌన్ ఈ రంగంలో పేటెంట్లు తీసుకున్నాడు, కంపెనీలతో కలసి పనిచేశాడు. ఆయన పద్ధతి 1903లో ఏర్పడిన టెలిఫుంకెన్ కంపెనీకి ఒక పునాది. 1905లో మూడు ఆంటెనాలను ఒకేసారి నడిపి తరంగాలను కోరిన దిశకు ఎక్కువగా పంపవచ్చునని కూడా నిరూపించాడు. 1909లో నోబెల్ బహుమతిని మార్కోనీతో పంచుకున్నాడు.

అమెరికా ప్రయాణం, మరణం

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటన్ జర్మనీ సముద్రగర్భ తంతులను తెగకోసింది. అమెరికాతో మాట్లాడడానికి జర్మనీకి మిగిలిన ముఖ్యమైన మార్గాలలో న్యూయార్కు సమీపాన, లాంగ్ ఐలాండ్‌లోని సేవిల్ వద్ద టెలిఫుంకెన్ నిర్మించిన నిస్తంత్రీ కేంద్రం ఒకటి. దానిని నడిపే సంస్థ తమ పేటెంట్లను ఉల్లంఘించినదని మార్కోనీ కంపెనీ న్యూయార్కు న్యాయస్థానంలో దావా వేసింది. కేసు ఓడితే ఆ కేంద్రం మూతపడే ప్రమాదం ఉంది. సాక్ష్యం చెప్పడానికి 64 సంవత్సరాల బ్రౌన్, ఆరోగ్యం బాగా లేకపోయినా, జెనెక్‌ను వెంటబెట్టుకొని 1914 డిసెంబరులో సముద్రం దాటాడు. ఐదేళ్ళ క్రితం బహుమతిని పంచుకున్న ఇద్దరూ ఇప్పుడు చెరొక పక్షాన నిలిచారు. మార్కోనీ స్వయంగా న్యూయార్కు వచ్చాడు గాని, 1915 మేలో ఇటలీ యుద్ధంలో దిగడంతో స్వదేశానికి వెళ్ళిపోయాడు.

బ్రౌన్ తిరిగి వెళ్ళలేకపోయాడు. సముద్రమార్గాలు బ్రిటిష్ నౌకాదళం అదుపులో ఉన్నాయి. బ్రూక్లిన్‌లో ఉన్న కుమారుడు సీగ్‌ఫ్రీడ్ ఇంట ఆశ్రయం పొందాడు. 1917 ఏప్రిల్‌లో అమెరికా కూడా యుద్ధంలో దిగడంతో ఆయన శత్రుదేశపు పౌరుడయ్యాడు. జెనెక్‌ను అమెరికా ప్రభుత్వం నిర్బంధంలో ఉంచింది. వృద్ధుడైన బ్రౌన్‌ను మాత్రం ఇంటివద్దనే ఉండనిచ్చారు. 1918 ఏప్రిల్ 20న, యుద్ధం ముగియడానికి ఏడు నెలల ముందు, బ్రౌన్ బ్రూక్లిన్‌లో మరణించాడు. ఆ సంవత్సరాంతానికి ఆయన స్ట్రాస్‌బర్గ్ ప్రయోగశాల ఫ్రాన్సు అధీనంలోకి వెళ్ళింది. 1921లో ఆయన చితాభస్మాన్ని ఫుల్డాకు తెచ్చి సమాధి చేశారు. పేటెంటు లేని నాళం అప్పటికి ప్రపంచమంతా తిరుగుతుండగా, పేటెంట్ల తగాదా దానిని చేసినవానిని పరాయిదేశంలో కట్టిపడేసింది.

నాళం తరువాతి చరిత్ర

బ్రౌన్ వద్ద పనిచేసిన మాక్స్ డీక్‌మన్, గుస్టాఫ్ గ్లాగె 1906లోనే ఈ నాళంపై గీతల బొమ్మలను చూపించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. రష్యాలో బొరిస్ రోజింగ్ 1907లో ఇటువంటి ప్రయత్నమే మొదలుపెట్టాడు. 1926లో జపాన్‌లో కెంజిరో తకయనగి ఒక జపనీస్ అక్షరాన్ని నాళపు తెరపై చూపించాడు. రోజింగ్ శిష్యుడు జ్వొరికిన్ మొదలైనవారి కృషితో 1930వ దశకంలో ఎలక్ట్రానిక్ టెలివిజన్ వాడుకలోకి వచ్చింది. చిత్రంలో విద్యుత్ సరఫరా వలన కలిగే అలలు కదలకుండా ఉండేందుకు తెర వేగాన్ని ఆయా దేశాల విద్యుత్తు పౌనఃపున్యంతో జతచేశారు. అందుచేత అమెరికాలో సెకనుకు 60, ఐరోపాలోను భారతదేశంలోను 50 అర్ధచిత్రాలు స్థిరపడ్డాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైననాడు తెలుగు ఇళ్ళలో వెలిగిన టీవీలన్నీ 625 గీతలు, 50 అర్ధచిత్రాల లెక్కన నడిచిన బ్రౌన్ నాళాలే.

కంప్యూటర్ ఆటలు, రిఫ్రెష్ రేటు

తెరపై ఆడిన తొలి ఆటలలో ఒకటి 1958లో విలియం హిగిన్‌బోథమ్ తయారుచేసిన టెన్నిస్ ఆట. దీనికి తెర ఆసిలోస్కోపే. అనగా జెనెక్ సవరించిన బ్రౌన్ సాధనమే. నేలను, వలను, బంతిని ఒకదాని తరువాత ఒకటిగా చకచకా గీస్తూ ఉంటే చూసేవారికి అన్నీ ఒకేసారి ఉన్నట్లు కనిపించేవి. ఆ ఆటను ప్రదర్శించిన బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఉన్నది లాంగ్ ఐలాండ్‌లోనే. బ్రౌన్‌ను అమెరికాకు రప్పించిన సేవిల్ కేంద్రం, ఆయన మరణించిన బ్రూక్లిన్ కూడా ఆ దీవిలోనివే. హిగిన్‌బోథమ్ సైతం తన ఆటకు పేటెంటు తీసుకోలేదు.

నాళపు తెరపై భాస్వర పదార్థం వెలుగు క్షణంలో ఆరిపోతుంది. బొమ్మ నిలవాలంటే మళ్ళీ మళ్ళీ గీయాలి. సెకనుకు 60 సార్లు గీస్తే చాలామందికి, ముఖ్యంగా కంటి చివరనుండి చూసినపుడు, తెర మినుకుమినుకుమంటూ తలనొప్పి కలిగించేది. 85కు పెంచితే ఈ బాధ దాదాపు ఉండేది కాదు. అయితే వేగం ఊరికే రాదు. ఉదాహరణకు 1024 x 768 చుక్కల తెరను 85 హెర్ట్జ్ వద్ద నడపాలంటే, కనిపించని గీతలతో కలిపి 808 గీతలను సెకనుకు 85 సార్లు గీయాలి. అంటే సెకనుకు సుమారు 68,700 గీతలు. అన్నిసార్లు కిరణాన్ని కుడికి లాగి ఎడమకు విసరగల తీగచుట్టలు కావాలి. అందువలననే మానిటరులో చుక్కల సంఖ్య పెంచినకొద్దీ రిఫ్రెష్ రేటు తగ్గించుకోవలసి వచ్చేది.

ఆటల వేగం కూడా తెరనుబట్టే ఏర్పడింది. ఐబీఎం 1987లో ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణంలో 320 x 200 చుక్కల చిత్రం 70 హెర్ట్జ్ వద్ద నడిచేది. 1993లో విడుదలైన డూమ్ ఆట సెకనుకు 35 చిత్రాలకు పరిమితం కావడానికి కారణం ఇదే, రెండుసార్లు తెర గీసేలోగా ఒక కొత్త చిత్రం. కంప్యూటర్ చిత్రాన్ని తయారుచేసే వేగం తెర వేగంతో కలవకపోతే పై సగంలో ఒక చిత్రం, కింది సగంలో మరొక చిత్రం పడి బొమ్మ చీలినట్లు కనిపిస్తుంది. స్ట్రాస్‌బర్గ్ తెరపై జారిపోయిన అలకు ఇది దగ్గరి చుట్టం. 2013లో ఎన్‌విడియా జీ-సింక్ పేరుతోను, 2015లో ఏఎండీ ఫ్రీసింక్ పేరుతోను తెచ్చిన పద్ధతులలో తెర తన లెక్కప్రకారం పరుగెత్తక, కంప్యూటర్ చిత్రం సిద్ధం చేసేవరకు వేచి ఉంటుంది.

2000వ దశకం మధ్యకాలానికి పలుచని ఎల్‌సీడీ మానిటర్లు బరువైన నాళాలను పక్కకు నెట్టాయి. ఎల్‌సీడీలో ప్రతి చుక్క తరువాతి చిత్రం వచ్చేవరకు వెలుగుతూనే ఉంటుంది కనుక మినుకుమినుకు లేదు. కాని ఈ గుణమే వేగమైన ఆటలకు దోషమైంది. కదిలే వస్తువు వెంట కన్ను సాఫీగా జరుగుతూ ఉంటే, తెరమీది చిత్రం మాత్రం 60 హెర్ట్జ్ వద్ద 16.7 మిల్లీసెకన్లపాటు ఒకేచోట నిలిచిపోతుంది. దానివలన వస్తువు అలుక్కుపోయినట్లు కనిపిస్తుంది. సెకనుకు 960 చుక్కల దూరం కదిలే వస్తువు 60 హెర్ట్జ్ వద్ద 16 చుక్కల మేర, 240 హెర్ట్జ్ వద్ద 4 చుక్కల మేర అలుక్కుంటుంది. కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలలో పోటీపడేవారు చాలాకాలం పాత గాజు మానిటర్లను వదలకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. నాళంలో వెలుగు తళుక్కున మెరిసి ఆరిపోతుంది కాబట్టి అలుకు లేదు. 2009లో 120 హెర్ట్జ్, 2012లో 144 హెర్ట్జ్, 2020లో 360 హెర్ట్జ్ ఎల్‌సీడీ మానిటర్లు వచ్చాయి. కొన్నిటిలో వెనుక దీపాన్ని ప్రతి చిత్రానికి ఒకసారి మాత్రమే వెలిగించి ఆర్పుతారు. నాళం తనంతట తాను చేసిన పనిని ఇక్కడ కావాలని చేయించవలసి వస్తున్నదన్నమాట.

పేరు, గుర్తింపు

జర్మన్, జపనీస్ భాషలలో కేథోడ్ కిరణ నాళానికి బ్రౌన్ నాళం అనే అర్థం వచ్చే పేర్లే వాడుకలోకి వచ్చాయి. ఆంగ్లంలో అటువంటి పేరు స్థిరపడకపోవడం వలన కాబోలు, భారతదేశపు పాఠ్యపుస్తకాలు చదివినవారికి నాళం తెలిసినంతగా బ్రౌన్ తెలియదు. అమెరికాలోని సొసైటీ ఫర్ ఇన్ఫర్మేషన్ డిస్‌ప్లే అనే సంస్థ తెరల సాంకేతికతలో విశేష కృషి చేసినవారికి 1987 నుండి కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ పేరిట బహుమతి ఇస్తున్నది. ద్రవ స్ఫటిక తెరలపై పనిచేసినవారు కూడా ఈ బహుమతిని అందుకున్నారు.